కొట్టులో పుట్టిన పత్రిక: 'గిటార్ ప్లేయర్' అచ్చు ఆగడం వెనక కథ

2024 చివర్లో అమెరికా పత్రిక 'గిటార్ ప్లేయర్' అచ్చు ఆగిపోయింది. 1967లో మొదలైన పత్రిక ఇప్పుడు వెబ్‌సైట్‌గా మాత్రమే నడుస్తోంది. ఇంటర్నెట్ మింగేసిందని ఒక్క మాటలో తేల్చెయ్యడం తేలిక. కానీ అది మింగిందేమిటో తెలియాలంటే, ఇన్నేళ్ళూ ఈ పత్రిక అసలు ఏం అమ్మిందో చూడాలి.

గిటారుకంటూ ఒక పత్రిక ఉండాలన్న ఆలోచన చాలా పాతది. 1833లోనే లండన్‌లో 'జూలియానియాడ్' వచ్చింది. అప్పటికి నాలుగేళ్ళ కిందట కన్నుమూసిన ఇటలీ విద్వాంసుడు మౌరో జూలియాని పేరు మీద పెట్టిన పత్రిక అది. స్వరలిపీ, వ్యాసాలూ వేసింది, ఎక్కువకాలం బతకలేదు. ఎక్కువకాలం బతికినవాటి వెనక సాధారణంగా ఒక వాద్యాల వ్యాపారి కనిపిస్తాడు. 1880లలో ఫిలడెల్ఫియాలో ఎస్.ఎస్. స్టీవర్ట్ గిటారులాంటి తీగవాద్యాలైన బాంజోలు తయారుచేసేవాడు. తన 'బాంజో అండ్ గిటార్ జర్నల్'లో పాఠాలు, పాటల స్వరాలు వేస్తూ, సందు దొరికినప్పుడల్లా తన బాంజోలంత గొప్పవి లేవని చెప్పుకునేవాడు. 1903లో లండన్‌లో 'బి.ఎం.జి.' (బాంజో, మాండొలిన్, గిటార్) పత్రిక పెట్టిన క్లిఫర్డ్ ఎసెక్స్‌దీ వాద్యాల వ్యాపారమే. పాఠం నేర్చినవాడు వాద్యం కొంటాడు, వాద్యం కొన్నవాడికి పాఠం కావాలి. ఈ లెక్క మీదే ఆ పత్రికలు నడిచాయి.

'గిటార్ ప్లేయర్' కూడా కొట్టులోంచే వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో గిటార్ల దుకాణం నడిపే బడ్ ఈస్ట్‌మన్ దాన్ని మొదలుపెట్టాడు. అదే ఏడాది, దగ్గర్లోనే ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో 'రోలింగ్ స్టోన్' పుట్టింది. రెండూ ఒకే సంగీతకారుల వెంట పడ్డా అడిగే ప్రశ్నలు వేరు. 'రోలింగ్ స్టోన్' వాళ్ళ జీవితాన్నీ రాజకీయాన్నీ అడిగితే, 'గిటార్ ప్లేయర్' ఏ మందం తీగలు వాడతావు, ఆంప్లిఫయర్ ఏది, ఆ వరస ఏ వేలితో పట్టావు అని అడిగేది. మామూలు పాఠకుడికి ఇది విసుగు పుట్టించేదే. గిటారు పట్టినవాడికి మాత్రం ఇంకెక్కడా దొరకని సరుకు.

1970లలో జిమ్ క్రాకెట్ సారథ్యంలో పత్రిక నిలదొక్కుకుంది. రాసేవాళ్ళలో చాలామంది వాయించేవాళ్ళే. జాజ్ విద్వాంసుడు హోవర్డ్ రాబర్ట్స్ పాఠాలు రాసేవాడు. హాలీవుడ్ స్టూడియోల్లో వేలకొద్దీ రికార్డింగుల్లో వాయించిన టామీ టెడెస్కో అయితే, తన శీర్షికలో ఫలానా రికార్డింగుకి ఏ వాద్యం పట్టుకెళ్ళాడో, ఎంత ముట్టిందో కూడా రాసేసేవాడు. సంపాదన సంగతి ఇంత బాహాటంగా చెప్పే సంగీత విద్వాంసుడు ఈనాటికీ అరుదే.

పత్రిక స్వభావం తెలియాలంటే 1978 నాటి ఒక ఘటన చాలు. ఓక్లండ్‌లో జరిగిన పెద్ద కచేరీకి యువ ఉపసంపాదకుడు జాస్ ఓబ్రెక్ట్ వెళ్ళాడు. ఇంటర్వ్యూ ఇస్తానన్న గిటారిస్టు పాట్ ట్రావర్స్ తీరా వెళ్ళాక మొండిచెయ్యి చూపాడు. ఉసూరుమంటూ వేదిక వెనక బాస్కెట్‌బాల్ ఆడుకుంటుంటే ఒక కుర్రాడు వచ్చి కలిశాడు. ఎవరి బ్యాండని అడిగితే వాన్ హేలన్ అన్నాడు. తర్వాత రాక్ గిటారులో పెద్ద పేరైన ఎడ్డీ వాన్ హేలన్ అతనే. ఆ సంభాషణ నవంబరు సంచికలో వచ్చింది. 50 డాలర్లకు చెక్క, 80 డాలర్లకు మెడ కొని, పాత గిబ్సన్ గిటారు పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) బిగించి తన గిటారు తానే చేసుకున్నానని అందులో చెప్పాడు. ఖరీదైన గిటార్ల ప్రకటనలు వేసుకునే పత్రికలోనే ఈ మాట అచ్చయింది. కళాకారులు చెప్పిందల్లా నిజమనీ కాదు. ఆంప్లిఫయర్‌కి ఓల్టేజీ పెంచుతానని ఇంటర్వ్యూల్లో చెప్పిన ఎడ్డీ, చాలాకాలం తర్వాత, నిజానికి తగ్గించేవాడినని చెప్పాడు!

1980లు ఈ పత్రికకు స్వర్ణయుగం. టామ్ వీలర్ 1981 నుంచి పదేళ్ళు సంపాదకుడు. ఊరూపేరూ లేనివాళ్ళు పంపే టేపులు విని, బాగున్నవాళ్ళ గురించి మైక్ వార్నీ 'స్పాట్‌లైట్' శీర్షికలో రాసేవాడు. స్వీడన్ కుర్రాడు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ అమెరికా చేరింది ఆ దారినే. 1984 నుంచి సంచికతో పాటు 'సౌండ్‌పేజ్' అని పల్చటి ప్లాస్టిక్ రికార్డు కుట్టి ఇచ్చారు. కాగితం మీద చదివిన పాఠాన్ని చెవితో వినే ఏర్పాటు అది.

అప్పటికే పోటీ మొదలైంది. 1980లో 'గిటార్ వరల్డ్' వచ్చింది. ఇంకాస్త తర్వాత 'గిటార్ ఫర్ ద ప్రాక్టీసింగ్ మ్యుజీషియన్' పాటలకు పాటలే ట్యాబ్‌లో అచ్చెయ్యసాగింది. ఆరు గీతలు గీసి, ఏ తీగ మీద ఎన్నో మెట్టు నొక్కాలో అంకె వేసి చూపడమే ట్యాబ్. స్వరలిపి చదవడం రానివాళ్ళకు అది వరం. పత్రికలు ఆ వరాన్ని సంచికకు ఇన్ని పాటలని లెక్కపెట్టి ఇచ్చేవి.

లెక్కలేకుండా ఇచ్చింది ఇంటర్నెట్. 1992లో మొదలైన ఓల్గా అనే ఆన్‌లైన్ భాండాగారంలో అభిమానులు విని రాసుకున్న ట్యాబ్‌లు వేలల్లో పోగుపడ్డాయి. హక్కుదారుల ఒత్తిడితో 2006లో అది మూతపడేసరికి అలాంటి సైట్లు ఊరికొకటి లేచాయి. తర్వాత యూట్యూబ్‌లో ఏ వేలు ఎక్కడ పడుతోందో కళ్ళారా కనిపించింది. దాంతో పాఠం చేజారింది. కొట్టు కూడా ఆన్‌లైన్‌కి వెళ్ళడంతో తయారీదార్ల ప్రకటనల డబ్బు దాని వెంటే పోయింది. నా దృష్టిలో దెబ్బతీసింది ఈ రెండోదే. చందాలతోనే బతికిన పత్రిక కాదిది.

ఈలోగా యజమానులూ మారారు. 1989లో మిల్లర్ ఫ్రీమన్ కొనుక్కుంది. అక్కణ్ణుంచి చేతులు మారుతూ 2018లో బ్రిటన్‌కి చెందిన ఫ్యూచర్ సంస్థకు చేరింది. ఒకప్పటి పోటీదారు 'గిటార్ వరల్డ్' కూడా ఆ కొనుగోలుతోనే అదే గూటికి వచ్చింది. ఒకే సంస్థలో, ఒకే ప్రకటనదార్ల కోసం రెండు పత్రికలన్నమాట. 2024లో 'గిటార్ ప్లేయర్' అచ్చు ఆపిన ఫ్యూచర్, 'గిటార్ వరల్డ్' అచ్చును కొనసాగించింది.