ప్రైమరీ పిల్లలకు కోడింగ్: అపోహలు - వాస్తవాలు

నేను ప్రైమరీ తరగతులకు కోడింగ్ నేర్పుతాను. తల్లిదండ్రులు కలిసినప్పుడు ఎక్కువగా అడిగేది ఒకటే: "మా బాబుకి ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ నేర్పుతున్నారు?" ఈ వయసులో నేను చూసుకునేవి రెండే. చేయాలనుకున్న పనిని పిల్లలు అడుగులుగా విడగొట్టి చెప్పగలుగుతున్నారా? అనుకున్నట్టు జరగకపోతే ఏ అడుగులో తేడా వచ్చిందో వెతకగలుగుతున్నారా? లాంగ్వేజ్ సంగతి ఆ తర్వాతే.

అపోహ: కంప్యూటర్ లేకుండా కోడింగ్ మొదలుపెట్టలేం.

వాస్తవం: కాగితం, పెన్సిల్‌తో మొదలుపెట్టవచ్చు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు 1990ల్లోనే కంప్యూటర్ అక్కర్లేని ఆటలతో 'సీఎస్ అన్‌ప్లగ్డ్' రూపొందించారు. నా తరగతిలో ఎప్పుడూ పనికొచ్చే ఆట ఇది. 1 నుంచి 100 లోపు ఒక సంఖ్య మనసులో అనుకుంటాను. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలే అడగాలి. మొదట "37 ఆ?", "62 ఆ?" అని ఊహిస్తారు. కాసేపటికి ఎవరో ఒకరు "50 కంటే పెద్దదా?" అంటారు. ఒక్క ప్రశ్నతో సగం సంఖ్యలు ఎగిరిపోయాయని అందరికీ అర్థమవుతుంది. ఇలా సగం చేసుకుంటూ పోతే 7 ప్రశ్నలు దాటవు. మరి 1000 వరకు అయితే? చాలామంది 70 అంటారు. 10 చాలని వాళ్లే లెక్కవేసి తేల్చుకుంటారు. దీన్ని బైనరీ సెర్చ్ అంటారని తర్వాత ఎప్పుడు చెప్పినా ఫర్వాలేదు.

అపోహ: స్క్రీన్ మీద సూచనల బ్లాకులు జోడించడం ఆట. పైథాన్ లాంటి లాంగ్వేజ్‌లో రాస్తేనే నిజమైన కోడింగ్.

వాస్తవం: ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే బ్లాకుల లాంగ్వేజ్‌లో లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం), షరతులు, వేరియబుల్స్ (మారే విలువలను దాచుకునే పేర్లు) అన్నీ ఉన్నాయి. పైథాన్‌లో వాడే ఆలోచనా అదే. కాకపోతే ఒక కోలన్ మర్చిపోయినందుకు ప్రోగ్రామ్ మొత్తం ఆగిపోయి, అర్థంకాని ఎర్రర్ మెసేజ్‌తో పిల్లలకు టెన్షన్ పుట్టదు. ఇంకా చదవడం సరిగా రాని 5-7 ఏళ్ల వారికి 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ ఉంది. అందులో బ్లాకుల మీద మాటలకు బదులు బొమ్మలుంటాయి.

అపోహ: తప్పు వస్తే టీచర్ వెంటనే సరిచేయాలి.

వాస్తవం: నేను మౌస్ ముట్టుకోను. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. స్క్రాచ్‌లో బొమ్మను నడిపించి చతురస్రం గీయడం తేలిక: "100 అడుగులు ముందుకు వెళ్లు, 90 డిగ్రీలు తిరుగు" అని నాలుగుసార్లు. తర్వాత సమభుజ త్రిభుజం గీయమంటాను. దాని కోణం 60 డిగ్రీలని తెలిసిన పిల్లలు 60 పెట్టి, మూడుసార్లు నడిపిస్తారు. త్రిభుజం రాదు, షడ్భుజిలో సగం వస్తుంది! ఏడాది మొత్తంలో నేను ఎదురుచూసే పాఠం ఇదే. ఇక్కడ పెద్దవాళ్లు 120 అని మార్చేస్తే పిల్లలకు బొమ్మ దక్కుతుంది, పాఠం దక్కదు. అందుకే మూడు ప్రశ్నలే వేస్తాను: ఏం జరగాలనుకున్నావు? ఏం జరిగింది? ఎక్కడి నుంచి తేడా వచ్చింది? అప్పటికీ తోచకపోతే, లేచి నేల మీద త్రిభుజంలా నడవమంటాను. మూలకు చేరాక తమ ముఖం ఎంత తిరగాలో వాళ్లకే తెలుస్తుంది. లోపలి కోణం 60 అయితే తిరగాల్సింది 180లోంచి 60 తీసేయగా మిగిలిన 120. సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోర్జీగ్ కలిసి 1967లో రూపొందించిన లోగో అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషతోనూ పిల్లలు ఇలాగే నేర్చుకున్నారు. అక్కడ గీతలు గీసింది 'తాబేలు' అని పిలిచే చిన్న రోబో, లేదా స్క్రీన్ మీది గుర్తు. పిల్లలు తామే తాబేలైనట్టు నడిచి చూసేవారు.

అపోహ: లెక్కల్లో చురుకైన వారికే వస్తుంది.

వాస్తవం: కాదు. కథలు బాగా చెప్పే పిల్లలు ఏ పాత్ర ఎప్పుడు రావాలో, ఎప్పుడు మాట్లాడాలో చక్కగా వరుస కడతారు. అదీ ప్రోగ్రామే.

అపోహ: కోడింగ్ వస్తే మిగతా సబ్జెక్టులు వాటంతటవే మెరుగవుతాయి.

వాస్తవం: ప్రకటనల్లో బాగా వినిపించే ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. 1980ల్లో పరిశోధకులు రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ లోగో నేర్చుకున్న పిల్లలను పరిశీలించారు. ప్రణాళిక వేసుకునే నేర్పు వేరే పనుల్లోకి దానంతటది రాలేదని గమనించారు. ఆ వంతెన టీచరే కట్టాలి. త్రిభుజం అయ్యాక నేను లెక్కల నోట్‌బుక్ తీయిస్తాను. మూడుసార్లు 120, నాలుగుసార్లు 90, రెండూ 360. మరి ఐదు భుజాలకు ఎంత తిరగాలి? 72 అని నోట్‌బుక్‌లో రాశాకే స్క్రీన్ మీద సరిచూసుకుంటారు.

అపోహ: ఇంట్లో ఎవరికీ కోడింగ్ రాకపోతే సాయం చేయలేం.

వాస్తవం: చేయొచ్చు. మీ అమ్మాయి చేసిన ప్రోగ్రామ్‌లో ఒక సంఖ్య మార్చమనండి. రన్ చేసే ముందే ఏం జరుగుతుందో చెప్పమనండి. ఊహ తప్పితే కారణం మీరు చెప్పకండి, తననే వెతకనివ్వండి.