అండమాన్ ట్రంక్ రోడ్డు: అపోహలు - వాస్తవాలు

పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లిపూర్ వెళ్లే ఈ రోడ్డు మీద పదహారేళ్లుగా బస్సు నడుపుతున్నాను. (పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది.) విశాఖ ఓడ దిగి వచ్చే మనవాళ్లు నన్ను తరచుగా అడిగేవి ఇవి.

అపోహ: ఇది బ్రిటిషువాళ్లు వేసిన రోడ్డు.

వాస్తవం: సెల్యులార్ జైలు వాళ్లు కట్టినదే కానీ, ఈ రోడ్డు స్వాతంత్ర్యం వచ్చాక వేసినది. 1970ల్లో పనులు జోరందుకుని 1980ల చివరికి పూర్తయ్యాయి. అడవి నరుకుతుంటే, ఆ అడవిలోనే బతికే ఆదివాసులు జరవాలు బాణాలతో ఎదిరించారు. తమ ఇంట్లోంచి దారి తీస్తుంటే ఎవరు ఊరుకుంటారు?

అపోహ: జరవాలను చూడటానికే ఈ ప్రయాణం.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. జిర్కటాంగ్ గేటు నుంచి మిడిల్ స్ట్రెయిట్ అనే జలసంధి దాకా సుమారు 50 కిలోమీటర్లు వాళ్ల రక్షిత ప్రాంతం. వాహనాలన్నీ పోలీసు కాపలాతో, వరుసగా, నిర్ణీత వేళల్లోనే కదలాలి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. ఒకసారి వెనుక సీటులో ఒక పెద్దాయన బిస్కెట్ల పొట్లం విప్పి కిటికీ అద్దం జరిపారు. బయట రోడ్డు వారన ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. నేను అద్దంలో చూసి గట్టిగా కేకేశాను. ఆయన నొచ్చుకున్నారు. కానీ బయటివాళ్లు దగ్గరైతే వాళ్లకు జబ్బులు అంటుకుంటాయి; 1999లో తట్టు సోకి జరవాలు ఎంత అల్లాడారో ఇక్కడివాళ్లకు గుర్తుంది. 2011 లెక్కల ప్రకారం వాళ్లు 380 మందే.

అపోహ: రోడ్డంతా ఒకే దీవిలో ఉంది.

వాస్తవం: దక్షిణ అండమాన్, బారాటాంగ్, మధ్య, ఉత్తర అండమాన్ వేర్వేరు దీవులు. హంఫ్రీ జలసంధి మీద వంతెన వచ్చింది. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర మాత్రం గోదావరిలో లాగా బస్సును పంటు మీదకు ఎక్కించి దాటించాలి.

అపోహ: సుప్రీంకోర్టు మూసేయమన్నాక రోడ్డు మూతపడింది.

వాస్తవం: రక్షిత ప్రాంతంలోని భాగాన్ని మూసేయమని 2002లో ఆదేశించిన మాట నిజమే. బస్సులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నా జీతం ఈ రోడ్డు మీదే. అయినా పర్యాటకులను పడవల్లో పంపాలనే నేను అంటాను. రంగత్, మాయాబందర్ నుంచి పెద్దాసుపత్రికి వచ్చే గర్భిణికి, పరీక్షకు వెళ్లే పిల్లలకు బస్సులో చోటు మిగలాలి.