ఆక్సిజన్ సెన్సర్ కోడ్ రాగానే మార్చేయాలా? అపోహలు - వాస్తవాలు

అపోహ: కారు స్కానర్‌లో (ఇంజిన్ లోపాల కోడ్‌లు చూపే పరికరం) ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చిందంటే, పొగ పైపులో ఉండే ఆ సెన్సర్ పోయినట్టే.

వాస్తవం: ఈ రిపేర్లో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. పి0171 కోడే తీసుకోండి. ఇంజిన్‌కి గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గిందని దాని అర్థం. ఆ కబురు సెన్సర్ మోసుకొచ్చింది, అది నిజమే కావచ్చు. వాక్యూమ్ పైపు చిట్లినా, ఫ్యూయల్ పంపు ప్రెషర్ తగ్గినా ఇదే కోడ్ పడుతుంది.

పైగా ఈ సెన్సర్‌కి తెలిసేది పొగలో మిగిలిన ఆక్సిజన్ ఒక్కటే. ఒక సిలిండర్‌లో ప్లగ్ మండించకపోతే పెట్రోలూ ఆక్సిజనూ అలాగే బయటికొచ్చేస్తాయి. పెట్రోల్ వాసన గుప్పుమంటున్నా సెన్సర్ మాత్రం 'పెట్రోల్ చాలట్లేదు' అనే చెబుతుంది. సెన్సర్‌కి ముందు ఎక్కడైనా లీకై బయటి గాలి దూరినా అంతే. అందుకే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే పైపుల కూడలి) దగ్గర టిక్ టిక్ శబ్దం వస్తోందా వినండి. గాస్కెట్ (అతుకు దగ్గర లీకు కాకుండా పెట్టే పొర) అంచున నల్లటి మసి ఉంటే లీకు దొరికినట్టే.

అపోహ: మల్టీమీటర్‌తో ఒక్కసారి వోల్టేజీ చూస్తే తేలిపోతుంది.

వాస్తవం: మామూలు జిర్కోనియా సెన్సర్ దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కితే గానీ సరిగా పనిచేయదు. వేడెక్కాక, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) ముందుండే సెన్సర్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలి. ఒకచోట ఆగిపోయిందా? యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదలండి. తొక్కగానే 0.8 దాటి, వదలగానే 0.2 కిందికి చకచకా పడిపోతే సెన్సర్ బాగానే ఉంది, తప్పు వేరేచోట వెతకాలి. చాలా కొత్త కార్లలో వచ్చే వైడ్‌బ్యాండ్ సెన్సర్లకి ఈ వోల్టుల లెక్క పనికిరాదు. వాటికి స్కానర్‌లో ల్యాంబ్డా విలువ (గాలి, పెట్రోల్ పాళ్ల లెక్క) చూడాలి.

అపోహ: కన్వర్టర్‌కి వెనకుండే సెన్సర్ రీడింగ్ కదలకపోతే అది పాడైనట్టు.

వాస్తవం: క్యాటలిటిక్ కన్వర్టర్ బాగుంటే వెనక సెన్సర్ నిలకడగానే ఉంటుంది. అది కూడా ముందుదానిలా ఊగుతుంటేనే కన్వర్టర్‌ని అనుమానించాలి.

అపోహ: పి0135 వస్తే మాత్రం మార్చక తప్పదు.

వాస్తవం: అది సెన్సర్‌ని వేడెక్కించే హీటర్ సర్క్యూట్ కోడ్. ఫ్యూజు, కనెక్టర్, సైలెన్సర్ పైపుకి తగిలి కాలిన వైరు, ముందు ఇవి చూడండి. హీటర్ కాయిల్ తెగిపోయి ఉంటేనే కొత్తది కొనండి.

అపోహ: విప్పి కడిగితే మళ్లీ పనిచేస్తుంది.

వాస్తవం: కూలెంట్ గానీ సిలికోన్ సీలెంట్ ఆవిరి గానీ పట్టిన సెన్సర్ కడిగినా బాగుపడదు, మార్చాల్సిందే. అయితే హెడ్ గాస్కెట్ నుంచి కూలెంట్ లోపలికి కారుతుంటే ముందు దాన్ని ఆపండి, లేకపోతే కొత్త సెన్సర్ కూడా అలాగే పోతుంది.