డాల్డా డబ్బాలో కందిపప్పు

చి॥ బుజ్జికి, చి॥ చిన్నాకి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేము క్షేమం. మీరు బస్సెక్కిన మర్నాటి నుంచి ఇల్లు బోసిపోయింది. మిగిలిన అరిసెలు డబ్బాలో పెట్టి మీ అమ్మమ్మ అటక మీద దాచింది. ఎక్కడ దాచిందో నాకు తెలుసు, ఆ సంగతి ఆవిడకు తెలీదు.

బుజ్జీ, నువ్వు ఫోన్లో పంపిన మాట విన్నాను. "తాతయ్యా, పెన్‌డ్రైవ్ పెడితే మన పాత లాప్‌టాప్ వేరేది అయిపోయింది కదా. తీసేస్తే మళ్ళీ పాతదే వచ్చింది. మరి అంతసేపూ పాతది ఎక్కడ దాక్కుంది?" అని అడిగావు. రెండు ముక్కల్లో జవాబు చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేశాను. ఇది ఫోన్లో తేలేది కాదని కాగితం తీశాను.

చిన్నాకి ముందు సంగతి తెలియదు, వాడప్పుడు మేడ మీద గాలిపటం గొడవలో ఉన్నాడు. మన లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. దానికి మామూలుగా పంపే మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆపేశారు. విండోస్ 11 వేద్దామంటే ఈ లాప్‌టాప్‌కి వయసు మీరిందని అదే తెర మీద చెప్పేసింది. మీ నాన్న "కొత్తది కొనేద్దాం మామయ్యగారూ" అన్నాడు. నాకు మనసొప్పలేదు. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, వయసు మీరిందని పారేస్తారా? నా వయసు వాడితో అనే మాటేనా అది? అందుకే విండోస్‌కి బదులు వాడుకోగలిగే, ఉచితంగా దొరికే లైనక్స్ మింట్‌ని ఇంటర్నెట్ నుంచి దించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి చూశాం.

మీ పిన్ని పెళ్ళి గుర్తుందా? తెల్లవారుజామున వంటవాళ్ళు ట్రాలీ ఆటోలో దిగారు. గంగాళాలు, జల్లిగరిటెలు, పొయ్యిలు, ఆఖరికి అగ్గిపెట్టె కూడా వాళ్ళదే. పెరట్లో షామియానా కింద వండారు. మన నీళ్ళు, మన కరెంటు, మన స్థలం వాడుకున్నారు. వంటింట్లోకి మాత్రం అడుగు పెట్టలేదు. సాయంత్రానికి అన్నీ కడిగి ఎత్తుకుని వెళ్ళిపోయారు. మర్నాడు మీ అమ్మమ్మ వంటింట్లోకి వెళ్తే పోపుల డబ్బా పెట్టిన చోటే ఉంది.

అదీ నీ ప్రశ్నకు జవాబు. కంప్యూటర్లో వంటమనిషి పేరు ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ ఒక వంటమనిషి, మింట్ ఇంకో వంటమనిషి. డిస్కు వంటిల్లు. ర్యామ్ అనేది పెరడు, అంటే పని జరిగినంతసేపూ వాడుకుని తర్వాత ఊడ్చేసే చోటు. పెన్‌డ్రైవ్ ఆ ట్రాలీ ఆటో. మనం మీట నొక్కగానే ఎఫ్12 అని కొట్టాం చూడు, అది "ఇవాళ వంట ఎవరిది?" అని అడగడం. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్9 అనో ఇంకోటనో ఉంటుంది. మనం ఆటోలో వచ్చినవాళ్ళని చూపించాం. వాళ్ళు పెరట్లో వండారు. విండోస్ ఎక్కడా దాక్కోలేదమ్మా, తన వంటింట్లో తను నిద్రపోతూనే ఉంది. దాన్ని ఎవరూ లేపలేదు, అంతే.

చిన్నా ఆ రోజు సాయంత్రం ఏనుగు బొమ్మ వేసి సేవ్ చేసి, లాప్‌టాప్ మళ్ళీ ఆన్ చేస్తే లేదని ఏడ్చాడే, అది కూడా అందుకే. పెరట్లో వండింది పెరట్లోనే పోయింది. దాచుకోవాలంటే వంటింట్లోకో ఇంకో పెన్‌డ్రైవ్‌లోకో తెచ్చుకోవాలి. నేను వాడికి ఆ మాట ముందే చెప్పాల్సింది. తప్పు నాదే.

ఇంకో తప్పు మీకు చెప్పలేదు. మీరు నిద్ర లేవక ముందు ఒకసారి నేనే ప్రయత్నించాను. దించిన ఫైలుని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, పెట్టి, గంటసేపు కూర్చున్నాను. ఏమీ రాలేదు. వంటమేస్త్రిని గోనెసంచిలో కట్టి పెరట్లో పడేస్తే వండుతాడా? రూఫస్ లాంటి చిన్న సాధనంతో ఆ ఫైలుని విప్పి పెన్‌డ్రైవ్ మీద పరవాలి. 4 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, కానీ దాంట్లో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి. ఇది మరిచిపోవద్దు.

ఈ లైనక్స్ మొదలైన తీరు నాకు భలే ఇష్టం. ఫిన్లాండ్‌లో, హెల్సింకిలో చదువుకునే లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు తన సొంత కంప్యూటర్ కోసం మొదలుపెట్టి, 1991 ఆగస్టు 25న నలుగురికీ చెప్పాడు. ఇది సరదాకే, పెద్దదేమీ అవదు అని కూడా రాశాడు. ఇప్పుడు మీ అమ్మ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది అదే. ప్రపంచంలోని అతి పెద్ద 500 సూపర్ కంప్యూటర్లలో 2017 నుంచీ అన్నిట్లోనూ వండేది ఆ కుర్రాడి శిష్యులే.

ఇక వంటమనిషి సంగతి వదిలి డబ్బాల దగ్గరికి రండి. నాకు అసలు చెప్పాలని ఉన్నది ఇదే.

నా చిన్నప్పుడు మా అమ్మ, అంటే మీ తాతమ్మ, సామానంతా డాల్డా డబ్బాల్లో పోసేది. పసుపుపచ్చ డబ్బా, దాని మీద పచ్చటి తాటిచెట్టులాంటి బొమ్మ. డాల్డా ఎప్పుడో అయిపోయేది, డబ్బా మాత్రం ఇరవై ఏళ్ళు బతికేది. ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో చింతపండు, ఇంకోదాంట్లో కుంకుడుకాయలు. పైన అన్నిటికీ ఒకటే పేరు, డాల్డా. నేను ఐదో తరగతికి వచ్చాక నోటుబుక్కు కాగితం చింపి, అన్నం మెతుకులతో అంటించి, ఒక్కోదానికీ పేరు రాశాను. ఇంట్లో చదువుకున్నవాణ్ణని ఎంత గర్వమో. "కొత్త కందిపప్పు" అని ఒకదాని మీద రాశాను. మూడేళ్ళ తర్వాత కూడా అది కొత్త కందిపప్పే. మీ అమ్మ డెస్క్‌టాప్ మీద "ఫైనల్", "కొత్త ఫైనల్", "కొత్త ఫైనల్ 2" అని ఉన్నాయి చూశారా? ఆ అలవాటు నా రక్తంలోంచే వచ్చింది.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. మా ఊరు పామర్రు దగ్గర కాబట్టి సముద్రం మా దాకా రాలేదు. కానీ ఆ గాలికి ఇంటికప్పు సగం లేచిపోయి రాత్రంతా వాన ఇంట్లోనే కురిసింది. తెల్లారి చూస్తే నేను అంటించిన కాగితాలన్నీ ఊడి నేల మీద ముద్దయిపోయాయి. ఏ డబ్బాలో ఏముందో ఎలా తెలుస్తుందని నేను నిలబడిపోయాను. మా అమ్మ నా వంక చూడను కూడా లేదు. ఒక్కో డబ్బా తీసి, చెవి దగ్గర ఆడించి, మూత కొంచెం ఎత్తి వాసన చూసి, పక్కన పెట్టుకుంటూ పోయింది. పావుగంటలో అన్నీ తేలిపోయాయి. నా కాగితాలు ఆమెకు ఏనాడూ అవసరం లేదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఏడేళ్ళ కిందటి నా ఘనకార్యం. అప్పుడు డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉండేది. మనం చేసినట్టే పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను, నచ్చింది. ఆ ఉత్సాహంలో "డిస్కు మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చెయ్యి" అన్నదాని మీద నొక్కాను. అది అడిగింది కూడా, నిజంగానేనా అని. నిజంగానే అన్నాను. నాలుగేళ్ళ ఫొటోలు పోయాయి. మా అమ్మ ఆఖరి సంక్రాంతివి కూడా అందులోనే. వేరే కాపీ లేదు. మీ అమ్మమ్మ ఏమీ అనలేదు, అదే కష్టంగా ఉండేది.

తర్వాత తెలిసింది. డిస్కులో చెరపడం అంటే డబ్బా ఖాళీ చేయడం కాదు. పైన కాగితం పీకేసి, ఈ డబ్బా ఖాళీ అని పద్దులో రాసుకోవడం. కొత్తది తెచ్చి పోసేదాకా పాత పప్పు లోపల అలాగే ఉంటుంది. (ఇది తిరిగే పాత హార్డ్ డిస్కుల మాట. ఈ కాలపు ఎస్‌ఎస్‌డీలు, అంటే తిరిగే భాగాలు లేని డిస్కులు, కాసేపట్లో నిజంగానే దులిపేస్తాయి, వాటిని నమ్ముకోవద్దు.) ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. అది పద్దు చూడదు, పేర్లు చూడదు. డిస్కంతా మొదటి నుంచి చివరిదాకా తిరుగుతూ ఒక్కో చోటా వాసన చూస్తుంది. ఎందుకంటే ప్రతి రకం ఫైలుకీ మొదట్లోనే కొన్ని గుర్తులుంటాయి, ఫొటోకి ఒక రకం, పాటకి ఒక రకం. ఆ గుర్తు తగిలిన చోట "ఇది ఫొటో" అని ఎత్తి పక్కన పెడుతుంది.

రాత్రంతా తిరిగింది. పొద్దున చూస్తే వేల ఫొటోలు. ఒక్కదానికీ పేరు లేదు. ఎఫ్ అక్షరం, దాని వెనక అంకెల తోక. కొన్ని చోట్ల కొత్త సిస్టమ్ తన సామాను పోసేసింది, అవి రాలేదు. మా అమ్మ ఫొటో ఒకటి వచ్చింది. పై సగంలో ఆమె మొహం, భుజం మీద కొంగు. కింది సగమంతా బూడిదరంగు. హాల్లో గోడ మీద ఉన్నది అదే. ఎందుకు సగమే ఉందని చిన్నా అడిగితే అప్పుడు మాట మార్చాను.

అందుకే కొత్త వంటమనిషిని పెట్టుకునే ముందు డబ్బాల్లోవి ఇంకో చోట పోసి ఉంచుకోవాలి, ఒక చోట కాదు రెండు చోట్ల. ఇక్కడ నా పోలిక కాస్త కుంటుతుంది. కందిపప్పుని రెండు డబ్బాల్లో పోస్తే చెరి సగం అవుతుంది. ఫైలుని కాపీ చేస్తే రెండు చోట్లా నిండుగా ఉంటుంది! అక్షయపాత్ర అన్నమాట. ఇన్నేళ్ళయినా నాకు అది వింతగానే ఉంది. ఇంకో వింత కూడా ఉంది, మీరే చేసి చూడండి. పెద్ద సినిమా ఫైలుని ఒకే డిస్కులో ఈ ఫోల్డర్ నుంచి ఆ ఫోల్డర్‌కి కట్ చేసి పెడితే రెప్పపాటులో వెళ్ళిపోతుంది. అదే పెన్‌డ్రైవ్‌లోకి అయితే నిమిషాలు పడుతుంది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు కదా? డబ్బా కదల్లేదు, పద్దు మారింది.

పేర్లు పెట్టేటప్పుడు తేదీని ఏడాది ముందు వచ్చేలా రాయండి: 2026-01-14 సంక్రాంతి. అలా రాస్తే అవే వరసలో నిలబడతాయి. 14-01-2026 అని రాస్తే అన్ని నెలల పద్నాలుగో తేదీలూ ఒక చోట గుంపు కడతాయి. తెలుగులో రాసినా రెండు సిస్టమ్‌లూ చక్కగా చదువుకుంటాయి. ఇంగ్లిషులో రాస్తే మాత్రం లైనక్స్‌లో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉంది, రెండూ రెండు వేరే ఫైళ్ళు.

బుజ్జీ, నువ్వు పైకి అడగకపోయినా ఒకటి గమనించావు, నీ కళ్ళు చూస్తే తెలిసింది. మింట్ నడుస్తుండగా ఎడమ పక్క డిస్కు మీద నొక్కితే, విండోస్ పాస్‌వర్డ్ అడక్కుండానే మన ఫొటోలన్నీ తెరుచుకున్నాయి. ఆ పాస్‌వర్డ్ వంటమనిషి గుమ్మం దగ్గర అడిగేది. డబ్బాలకు వేసిన తాళం కాదు. డబ్బాలకే తాళం వేసే పద్ధతి వేరే ఉంది, కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి ముందే వేసి వస్తుంది. మనదానికి లేదు. కాబట్టి పాత కంప్యూటర్‌ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు జాగ్రత్త.

ఆ మొదట్లో ఉండే గుర్తుల సంగతి ఇంకా మిగిలింది. చెప్పడం ఎందుకు, చూడండి. ఒక పీడీఎఫ్ ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీ పేరు చివర డాట్ పీడీఎఫ్ అన్నది కొట్టేయండి. విండోస్‌లో దాని మీద నొక్కితే దేంతో తెరవాలని అడుగుతుంది, అది కాగితం చదివే రకం. మింట్‌లో నొక్కండి, మా అమ్మలా వాసన చూసి తెరిచేస్తుంది. తర్వాత అదే కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చిగీతల్లా ఉంటుంది గానీ, అన్నిటికంటే ముందు శాతం గుర్తు, దాని పక్కన పీ, డీ, ఎఫ్ అని స్పష్టంగా కనిపిస్తుంది. వర్డ్‌లో ఈ మధ్య రాసిన ఫైలు తెరిస్తే పీ, కే అని ఉంటుంది. 1989లో ఫైళ్ళని నొక్కి మూటకట్టే జిప్ పద్ధతి చేసిన ఫిల్ కాట్జ్ అనే ఆయన పేరులోని మొదటి అక్షరాలవి. వర్డ్ ఫైలు లోపల ఉన్నది జిప్ మూటే మరి. మీ టీచరు ఇచ్చే ప్రాజెక్టు కాగితం మీద కూడా ఆయన సంతకం ఉందన్నమాట.

అన్నీ కాపీల మీదే చేయండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ మాత్రం నొక్కొద్దు, నొక్కితే ఫైలు పాడవుతుంది.

చివరగా ఒక జేపీజీ ఫొటో తెరవండి. మొదటి వరసలో, పిచ్చి గుర్తుల మధ్య, చదవగలిగే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. అవేమిటో నేను చెప్పను. ఫోన్‌తో తీసిన ఫొటోకీ, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకీ ఆ నాలుగూ ఒకటేనో కాదో చూసి నాకు రాయండి. ఫోన్లో కాదు, కాగితం మీద. చిన్నా, నువ్వు ఆ ఏనుగుని మళ్ళీ వేసి పంపు.

మీ తాతయ్య