“మా ఇంట్ల ఆడోళ్లందరికీ గింతే” అన్న మాట వెనుక

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా ఈ మాట వినిపిస్తుంది. అమ్మాయికి నెలసరిలో వారం దాటినా రక్తం ఆగదు, గంటకో ప్యాడ్ మార్చాలి, పెద్ద పెద్ద గడ్డలు పడతాయి. “నాకూ గట్లనే అయ్యేది, మా ఇంట్ల ఆడోళ్లందరికీ గింతే” అంటుంది తల్లి. అది రక్తం సరిగ్గా గడ్డకట్టని వంశపారంపర్య జబ్బుకు ఆనవాలు కావచ్చు. కానీ ఆ మాటతోనే విషయం ముగిసిపోతుంది.

తల్లులను తప్పుపట్టలేం, డాక్టర్లే చాలాకాలం అలా చూశారు. 1803లో అమెరికా డాక్టర్ జాన్ కాన్రాడ్ ఆటో, కొన్ని కుటుంబాల్లో మగవాళ్లకే రక్తం ఆగదని, ఆడవాళ్లు తమకు ఏమీ లేకుండానే దాన్ని కొడుకులకు అందిస్తారని రాశాడు. హిమోఫిలియా అనే ఆ జబ్బు విషయంలో ఆ అభిప్రాయం పాతుకుపోయింది. ఫ్యాక్టర్, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్, 40 శాతం కంటే తక్కువున్న ఆడవాళ్లను కూడా హిమోఫిలియా ఉన్నవాళ్లుగానే లెక్కించాలని అంతర్జాతీయ నిపుణులు చెప్పింది 2021లో!

నిజానికి 1926లోనే కళ్లు తెరవాల్సింది. ఫిన్లాండ్ డాక్టర్ ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్, ఆలాండ్ దీవుల నుంచి వచ్చిన యోర్డిస్ అనే చిన్నపిల్ల గురించి, ఆమె కుటుంబం గురించి రాశాడు. తోబుట్టువుల్లో కొందరు అప్పటికే రక్తస్రావంతో పోయారు. ఆ పిల్ల కూడా పదమూడేళ్లకు, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. ఇది హిమోఫిలియా కాదు, వేరే ఫ్యాక్టర్ లోపం. ఆయన పేరుతోనే విల్లెబ్రాండ్ జబ్బు అని పిలిచే దీని జన్యువు 12వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, కాబట్టి ఆడామగా ఇద్దరికీ సమానంగా వస్తుంది, కాకపోతే నెలసరి, కాన్పుల వల్ల ఎక్కువ నలిగేది ఆడవాళ్లే.

మన దగ్గర దీనికి మేనరికాలు తోడయ్యాయి. తల్లిదండ్రులిద్దరి దగ్గరా అదే లోపం ఉంటే బిడ్డకు తీవ్రమైన రకం రావచ్చు. ఇంకో బాధ, గర్భసంచి ఆపరేషన్లు. తెలంగాణ పల్లెల్లో ముప్పై, నలభై ఏళ్లకే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎంతమందో! రక్తం ఎక్కువ పోతోందంటే ముందు గడ్డకట్టే పరీక్ష చేయించాలి కదా, లోపం తెలియకుండా కోస్తే ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం మీదికి రావచ్చు. మామూలు గడ్డకట్టే పరీక్షలు నార్మల్‌గా వచ్చినా విల్లెబ్రాండ్ జబ్బు లేదని కాదు, దానికి వేరే పరీక్షలున్నాయి.

మందులు లేవా అంటే ఉన్నాయి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త 1960లలోనే కనుగొన్నారు, అది మాత్రగా దొరుకుతుంది. డెస్మోప్రెసిన్ అనే మందు కొందరికి పనిచేస్తుంది, తీవ్రమైనవాళ్లకు ఫ్యాక్టర్ ఎక్కించాలి. నొప్పి కోసం ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాత్రం డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. కాన్పు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గర్భంతో ఉన్నప్పుడు విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ చాలామందికి పెరుగుతుంది, కాన్పయ్యాక మళ్లీ పడిపోతుంది, అందుకే ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలపాటు రక్తస్రావం మీద కన్నేసి ఉంచాలి.