సమ్మర్‌లో వేరే కాలేజీలో కోర్సు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో యూనివర్సిటీలో బ్యాచిలర్స్ చేస్తున్న మన పిల్లలు చాలామంది సెలవుల్లో ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో (ఎక్కువగా డిగ్రీ తొలి రెండేళ్ల కోర్సులు చెప్పే కాలేజీ) ఒకటో రెండో సబ్జెక్టులు పూర్తి చేసుకుంటారు. ఫీజు తక్కువ, ఇంటి భోజనం. జార్జియా, ఫ్లోరిడాల్లో ఇలా చదివేవాళ్లను ట్రాన్సియెంట్ స్టూడెంట్లంటారు.

అపోహ: అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉన్న కాలేజీ అయితే చాలు, ఆ క్రెడిట్లు డిగ్రీకి పనికొస్తాయి.

క్రెడిట్ జమ కావడం వేరు, డిగ్రీకి అక్కరకు రావడం వేరు. మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) కావలసిన కోర్సు ఉత్త ఎలెక్టివ్‌గా (ఐచ్ఛికంగా) జమైతే డబ్బూ పోయింది, సెలవులూ పోయాయి. రిజిస్టర్ కాకముందే అక్కడి కోర్సు నంబరు, సిలబస్ అడ్వైజర్‌కు చూపించి, మీ యూనివర్సిటీలో ఏ నంబరుకు సమానమో ఈమెయిల్‌లోనైనా సరే రాయించుకోండి. ఆ తర్వాత మీ యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసు అనుమతి తీసుకోండి. దెబ్బ తినేది ఎక్కువగా మూడు చోట్ల. థియరీ 3, ల్యాబ్ 1 వేర్వేరు నంబర్లుగా ఉంటే ల్యాబ్ వదిలేస్తారు. కొన్ని కాలేజీలు సెమిస్టర్లకు బదులు చిన్న టర్మ్‌లైన క్వార్టర్లుగా నడుస్తాయి; ఆ క్వార్టర్ క్రెడిట్ సెమిస్టర్ లెక్కలో మూడింట రెండు వంతులే. 4 క్వార్టర్ క్రెడిట్లు 2.67 అవుతాయి, 3 కావాల్సిన చోట చాలవు. పేరు ఒకటే కదా అని జూనియర్ స్థాయి (డిగ్రీ మూడో ఏడాది) కోర్సుకు బదులు కమ్యూనిటీ కాలేజీ కోర్సు చేస్తే, తొలి రెండేళ్ల కోర్సుగానే లెక్కేస్తారు.

అపోహ: అక్కడ మంచి గ్రేడ్ తెచ్చుకుంటే సొంత యూనివర్సిటీలో జీపీఏ (సగటు గ్రేడ్) పెరుగుతుంది.

చాలా యూనివర్సిటీలు క్రెడిట్ మాత్రమే తీసుకుంటాయి, గ్రేడ్ కాదు. సొంత యూనివర్సిటీలో ఎఫ్ (ఫెయిల్) వచ్చిన సబ్జెక్టును అక్కడ పాసైనా జీపీఏలో ఆ ఎఫ్ సాధారణంగా అలాగే ఉంటుంది. ఎలాగూ లెక్కలోకి రాదని తేలిగ్గా తీసుకుంటే మాత్రం మునుగుతారు: సీ మైనస్‌ను చాలాచోట్ల ఒప్పుకోరు. మెడికల్ స్కూల్ దరఖాస్తులు చూసే ఏఎంసీఏఎస్ ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్టూ అడిగి జీపీఏ తనే కడుతుంది. జార్జియా రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ లెక్కలోనూ ఈ గ్రేడ్లు కలుస్తాయి.

అపోహ: ఫైనాన్షియల్ ఎయిడ్ రెండుచోట్లా వస్తుంది.

ఒకే టర్మ్‌కు రెండు కాలేజీల నుంచి పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం వాళ్లకు ఫెడరల్ ప్రభుత్వ సాయం) తీసుకోకూడదు. రెండు కాలేజీల మధ్య కన్సార్టియం అగ్రిమెంట్ (ఎయిడ్ విషయంలో ఒప్పందం) ఉంటే సొంత యూనివర్సిటీయే ఎయిడ్ ఇస్తుంది. ఆ డబ్బు వచ్చేలోపు అక్కడి ఫీజు గడువు దాటితే సీటు పోవచ్చు.

అపోహ: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు కుదరదు.

కుదురుతుంది. రెండు కాలేజీలకూ ఎస్ఈవీపీ (విదేశీ విద్యార్థులను చూసే ప్రభుత్వ విభాగం) గుర్తింపు ఉండాలి. వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం డిగ్రీ ఇచ్చే చోటిదే. ఫాల్, స్ప్రింగ్‌లలో రెండుచోట్లవీ కలిపి 12 క్రెడిట్లు ఉండాలి, అందులో ఆన్‌లైన్‌వి 3 క్రెడిట్లే లెక్కకొస్తాయి. డీఎస్ఓను (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ముందే అడగండి.

అపోహ: మార్కులు ఆ కాలేజీ వాళ్లే సొంత యూనివర్సిటీకి పంపిస్తారు.

పంపరు. ట్రాన్‌స్క్రిప్ట్ మీరే ఆర్డర్ చేయాలి, అదీ గ్రేడ్లు ఎక్కాక. తొందరపడితే గ్రేడ్ లేని కాగితం వెళ్తుంది. చివరి సెమిస్టర్‌లో అయితే ఇంకో చిక్కు: ఆఖరి 30 క్రెడిట్లు తమ దగ్గరే చేయాలని చాలా యూనివర్సిటీలు పట్టుబడతాయి. మినహాయింపు కావాలంటే కోర్సు మొదలుపెట్టకముందే డీన్ ఆఫీసులో అర్జీ పెట్టాలి.