చుండ్రున్న తలకి నూనె పెట్టమన్నదెవరు?

మొన్న సోమవారం ఓపీలో ఒక డిగ్రీ అమ్మాయి, వాళ్ళమ్మ వచ్చారు. కూర్చున్నారో లేదో, వాళ్ళమ్మ బ్యాగులోంచి ఒక కవరు తీసి నా టేబుల్ మీద పెట్టింది. లోపల ఉండచుట్టిన జుట్టు. "312 మేడమ్, లెక్కపెట్టాం. ఒక్క తలస్నానానికి ఊడింది" అంది.

ఇలాంటి కవర్లు నాకు కొత్త కాదు. అగ్గిపెట్టెలో తెచ్చినవాళ్ళున్నారు, తారీఖులు వేసి వరసగా పొట్లాలు కట్టి తెచ్చిన ఒక పెద్దాయన కూడా ఉన్నారు. నాకైతే నవ్వు రాదు. రాత్రిపూట కూర్చుని ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టారంటే ఎంత భయపడి ఉండాలి!

"అంతకుముందు తలస్నానం ఎప్పుడు చేశావమ్మా?" అని అడిగాను. 18 రోజుల ముందట. ఎందుకంటే, చేస్తే ఊడుతోంది కదా. మరి ఈ 18 రోజులూ ఏం చేశారంటే, తల ఎండిపోయి పొట్టు రాలుతోందని రోజూ కొబ్బరినూనె మర్దన. పాపిడి తీసి చూస్తే చర్మం ఎర్రగా ఉంది, దాని మీద జిడ్డుగా పసుపురంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. కనుబొమల్లో, ముక్కు పక్కన కూడా అదే పొట్టు. సెబోరిక్ డెర్మటైటిస్. మన మాటల్లో చెప్పాలంటే ముదిరిన చుండ్రు.

నా దగ్గరికి ఈ సమస్యతో వచ్చేవాళ్ళలో చాలామంది ఇదే దారిలో వస్తారు. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావాటి గురించి తర్వాత మాట్లాడతాను.

అపోహ: చుండ్రంటే తల ఎండిపోవడం, నూనె పెడితే తగ్గుతుంది. తలస్నానం ఎక్కువైతే జుట్టు ఊడుతుంది.

ఇందులో రెండు తప్పులున్నాయి. రెండూ కలిస్తే మనిషి ఆ సుడిలోంచి బయటపడడు.

మొదటిది నూనె. చుండ్రు వెనక మలసీజియా అనే ఫంగస్ ఉంటుంది. అది అందరి తల మీదా ఉంటుంది, నా తల మీదా ఉంది. మన చర్మంలో ఊరే జిడ్డే దానికి ఆహారం. ఆ జిడ్డును విరగ్గొట్టి తనకు కావలసింది తిని, ఓలియిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. కొందరి చర్మానికి అవి పడవు. పడనివాళ్ళకి చర్మం రేగి, దురద పుట్టి, పై పొర తొందర తొందరగా ఊడిపోతుంది. ఆ ఊడిన పొరే మీ భుజం మీద కనిపించే పొట్టు. చూడటానికి ఎండిపోయిన చర్మంలా ఉంటుంది కానీ, అసలు గొడవంతా జిడ్డుతోనే. ముక్కు పక్కన, కనుబొమల్లో, చెవుల వెనక, మగవాళ్ళకైతే ఛాతీ మధ్యలో కూడా ఇది రావడానికి కారణం అదే. జిడ్డు ఎక్కువ ఊరేది అక్కడే కదా.

పీజీ చదివే రోజుల్లో మైక్రోబయాలజీ ల్యాబులో చూసిన ఒక విషయం నాకు ఇప్పటికీ గుర్తే. మలసీజియాను పెంచాలంటే ల్యాబులో సూక్ష్మజీవులకి మేతగా వాడే మామూలు మీడియం చాలదు, దాని మీద కాస్త ఆలివ్ నూనె పోయాలి. నూనె లేకపోతే అది సరిగా పెరగదు. ల్యాబులో మేం కావాలని చేసే పనిని, ఇంట్లో అమ్మలు ప్రేమతో చేస్తున్నారు.

నూనె పెట్టగానే పొట్టు తగ్గినట్టు కనిపిస్తుంది, కాదనను. పొట్టు తడిసి తలకి అంటుకుపోతుంది కాబట్టి రాలదు. రెండ్రోజులకి మళ్ళీ పైకి లేస్తుంది. మళ్ళీ నూనె.

అలాగని నేను నూనెకి శత్రువును కాను. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుందని, కడిగినప్పుడు వెంట్రుక కోల్పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. అదే పరిశోధనలో పొద్దుతిరుగుడు నూనెకి, మినరల్ ఆయిల్‌కి ఆ గుణం కనిపించలేదు. అంటే కొబ్బరినూనె మేలు చేసేది వెంట్రుకకి, కుదుళ్ళకి కాదు. అందుకని చుండ్రు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇదీ: తలస్నానానికి గంట ముందు, చెవుల కిందనుంచి జుట్టు చివరిదాకా రాసుకోండి, అదే రోజు కడిగేయండి. మాడు మీద గిన్నెడు పోసి, రాత్రంతా ఉంచి, మర్నాడు అలాగే జడ వేసుకుని కాలేజీకి వెళ్ళడం మాత్రం వద్దు.

రెండో తప్పు తలస్నానం గురించి. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోటి రెండు నుంచి ఆరేళ్ళు పెరిగి, మూడు నెలల పాటు విశ్రాంతి తీసుకుని ఊడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రోజుకి 50 నుంచి 100 ఊడతాయి. రోజుకి 60 చొప్పున వేసుకున్నా 18 రోజులకి వెయ్యి దాటుతాయి. నూనె రాసి బిగించి జడ వేసుకున్నవాళ్ళకి ఊడిన వెంట్రుకలు చాలావరకు జడలోనే చిక్కుకుని ఉంటాయి. తలంటుకున్న రోజున అన్నీ ఒకేసారి బకెట్టు పక్కన కనిపిస్తాయి. మీరు చూసి భయపడింది అప్పటికే ఊడి ఉన్న జుట్టును.

ఆ అమ్మాయి ఇంకో మాట అంది, అందరూ అనేదే. "వేర్లతో సహా వచ్చేస్తున్నాయి మేడమ్, చివర తెల్లగా గింజలా ఉంది." ఆ తెల్ల గింజ వేరు కాదమ్మా. విశ్రాంతి దశ పూర్తయిన వెంట్రుక అడుగున అలాగే ఉంటుంది. కుదురు చర్మం లోపలే భద్రంగా ఉంది, కొత్త వెంట్రుక అక్కణ్ణించే వస్తుంది. ఈ ఒక్క మాట విన్నాక ఆ పిల్ల మొహంలో కళ వచ్చింది.

చుండ్రు వల్ల బట్టతల వస్తుందా అంటే, మామూలుగా రాదు. గోళ్ళతో గీరితే వెంట్రుకలు తెగుతాయి, మంట ఎక్కువగా ఉన్నప్పుడు కాస్త ముందే ఊడతాయి. చర్మం కుదుటపడితే తిరిగొస్తాయి. ఈ అమ్మాయికి అసలు సంగతి వేరే ఉంది. మూడు నెలల కిందట డెంగ్యూ వచ్చి హాస్పిటల్లో ఉందట. డెంగ్యూ, టైఫాయిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఒక్కసారిగా పదికిలోలు తగ్గించే డైట్‌లు, వీటిలో ఏది జరిగినా రెండు మూడు నెలలకి జుట్టు కుప్పలుగా ఊడుతుంది. అప్పటికి జ్వరం సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎదురుగా కనిపించేది గత వారం మార్చిన షాంపూ. నేరం దాని మీద పడుతుంది. ఈ రకం చాలావరకు ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఊడే జుట్టు చూసి ఏడుస్తూ వచ్చే బాలింతలకి నేను రాసేది తక్కువ, చెప్పేది ఎక్కువ.

ఇక షాంపూ వాడే పద్ధతి. ఫంగస్‌ను అణిచే రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ రాసిస్తే, మర్నాడే ఫోన్ వస్తుంది: "పెట్టగానే కడిగేశాం, ఏం తగ్గలేదు." అది సబ్బు కాదు, మందు. పాయలు పాయలుగా తీసి తల చర్మానికి అందేలా వేళ్ళ కొసలతో రాసి, 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. తర్వాత వారానికో, రెండు వారాలకో ఒకసారి, ఆపకుండా. జుట్టు గరుకుగా అనిపిస్తే చివర్లకి మాత్రం కండిషనర్ పెట్టుకోండి. కీటోకొనజోల్ పడకపోతే సెలీనియం సల్ఫైడ్, జింక్ పైరిథియోన్, సిక్లోపిరాక్స్ షాంపూలు ఉన్నాయి.

"పూర్తిగా పోయే మందు రాయండి" అని చేతులు పట్టుకుని అడుగుతారు. అలాంటిది లేదు. ఇల్లు ఒకసారి ఊడ్చేసి, ఇక జన్మలో చీపురు పట్టనంటే కుదురుతుందా? ఇదీ అంతే. అదుపులో ఉంచుకునే జబ్బు. పరీక్షలొచ్చినా, నిద్ర తగ్గినా, చలికాలమొచ్చినా కొంచెం లేస్తుంది. అప్పుడు మళ్ళీ వారానికి రెండుసార్లు.

అపోహ: మెడికల్ షాపు క్రీమ్ రాస్తే రెండ్రోజుల్లో తగ్గింది, కాబట్టి అదే మంచి మందు.

దీని మీద నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే ఒకప్పుడు నేనే చేశాను. ఎంబీబీఎస్ రెండో ఏడాది, హాస్టల్లో ఉప్పునీళ్ళు, నుదుటి అంచున ఎర్రటి పొట్టు. సీనియర్ ఒకావిడ ఒక ట్యూబు ఇచ్చింది. రెండు రాత్రుల్లో మాయం. ఆపగానే రెట్టింపై వచ్చింది. అలా ఏడు నెలలు రాశాను. నుదుటి మీద చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు కనిపించేదాకా తెలియలేదు, అందులో ఉన్నది గట్టి స్టెరాయిడ్ అని. ఒంటికి రాసుకునే స్టెరాయిడ్లు చాలావాటిని 2018లో ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ దగ్గర ఏం జరుగుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దురద, ఎరుపు బాగా ఉంటే మేమూ స్టెరాయిడ్ లోషన్ రాస్తాం. కానీ కొద్దిరోజులకే, ఎక్కడ రాయాలో, ఎప్పుడు ఆపాలో చెప్పి.

అపోహ: గుండు చేయిస్తే చుండ్రు పోతుంది, జుట్టు ఒత్తుగా వస్తుంది.

తిరుపతి వెళ్ళి మొక్కు తీర్చుకోండి, అది మీకూ స్వామికీ మధ్య విషయం. గుండు మీద మందు బాగా అందుతుంది, పొట్టు కనిపించదు, కొన్నాళ్ళు హాయిగానే ఉంటుంది. జుట్టు పెరిగేకొద్దీ చుండ్రూ వెనకే వస్తుంది. ఒత్తు సంగతంటారా, కత్తి కుదురుదాకా వెళ్ళదు కదా. మొనదేలిన వెంట్రుక తెగి మొండిగా పైకొస్తే చేతికి గరుకుగా తగిలి, ఒత్తుగా అనిపిస్తుంది, అంతే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చుండ్రు అంటుకోదు, కోడలి దువ్వెన వేరుగా పెట్టి బాధపెట్టకండి. పేనుకొరుకుడుకీ పేలకీ సంబంధం లేదు, మన ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ళ మీద పడటం అది. నిమ్మరసం రాసి ఎండలోకి వెళితే నుదురు మీద నల్లటి మచ్చలు పడతాయి. బోరునీళ్ళు జుట్టును గరుకు చేస్తాయేమో గానీ కుదుళ్ళను పీకెయ్యవు. కుంకుడుకాయ జిడ్డు వదిలిస్తుంది, మంచిదే, కానీ దాన్ని మందు అనుకోవద్దు. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతున్నవాళ్ళు రక్తపరీక్షకి ముందు ఆ సంగతి చెప్పండి. థైరాయిడ్ రిపోర్టులు తప్పుగా రావచ్చు, గుండెపోటు తెలుసుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పొచ్చని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చుండ్రు తగ్గకుండా జుట్టు పెరగడానికి తలకి రాసే మినాక్సిడిల్ సొంతంగా మొదలుపెట్టకండి. ఆ ద్రావణంలో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ రేగిన చర్మాన్ని ఇంకా రేపుతుంది.

చుండ్రు అనుకున్న ప్రతిదీ చుండ్రు కాదు. తెల్లగా వెండిరేకుల్లా మందంగా పెచ్చులు కట్టి, జుట్టు అంచు దాటి నుదుటి మీదికో మెడ మీదికో వస్తే, గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటే, అది సోరియాసిస్ కావచ్చు. దానికి మందులు వేరు, అక్కడ పెచ్చులు మెత్తబడటానికి నూనె మేమే రాసిస్తాం కూడా. బడిపిల్లల తలలో ఒకచోట జుట్టు తెగి, పొట్టు రేగి, చీము పడితే అది తామర జాతి ఫంగస్ కావచ్చు. షాంపూలు చాలవు, కొన్ని వారాలు మాత్రలు మింగాలి. జుట్టు ఊడినచోట చర్మం నున్నగా మెరుస్తూ, వెంట్రుక రంధ్రాలే కనిపించకపోతే మాత్రం రేపటికి వాయిదా వేయకండి. ఆ రకంలో కుదుళ్ళే చచ్చిపోతాయి, పోయిన జుట్టు తిరిగి రాదు.

ఆ అమ్మాయికి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు రాశాను. హిమోగ్లోబిన్ 9 మాత్రమే వచ్చింది, ఐరన్ మొదలుపెట్టాం. వెంట్రుకలు లెక్కపెట్టడం మానేయమన్నాను. బదులుగా నెలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో, పాపిడి ఫోటో తీసి ఉంచుకోమన్నాను. జుట్టు నెలకి పెరిగేది ఒక సెంటీమీటరు, రోజూ అద్దంలో చూస్తే ఏం తెలుస్తుంది? వెళ్తూ వెళ్తూ వాళ్ళమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "ఇంటికెళ్ళగానే తల రుద్దేయమంటారా మేడమ్?" అంది. ఈ రోజే రుద్దమన్నాను, ఊడిన వెంట్రుకల్ని మాత్రం కవర్లో వేయొద్దన్నాను.